రాసిపెట్టిన కుర్చీ, వెతుక్కునే కుర్చీ

పెద్ద ఓడల ప్రకటనలు తిండి గురించి అంకెల్లో మాట్లాడతాయి: ఇన్ని భోజనశాలలు, ఇన్ని దేశాల వంటలు, రోజులో ఇన్ని పూటలు. ఎక్కి దిగినవాళ్ళు అలా మాట్లాడరు. సర్వరు పేరు గుర్తుపెట్టుకుని చెబుతారు. పిల్లలకు ఏ వేళకైనా ఏదో ఒకటి దొరికిందంటారు. లేదంటే, ప్రతిదానికీ కార్డు చూపించాల్సి వచ్చిందని విసుక్కుంటారు. సూపు చిక్కగా ఉందా, రొట్టె మెత్తగా ఉందా అన్న సంగతి చివర్లో గానీ రాదు. ఓడ తిండిని ఎలా తూచాలో ఈ మాటల్లోనే ఉంది. వేలమందికి ఒకేసారి వండే వంటకు ఒక స్థాయి ఉంటుంది. పేరున్న కంపెనీ దాన్ని అంతకంటే కిందికి పోనివ్వదు, మరీ పైకి తీసుకుపోవడమూ దాని వల్ల కాదు. అసలు తేడా కూర్చోబెట్టడంలో వస్తుంది. ఎవరిని, ఎప్పుడు, ఎవరి పక్కన కూర్చోబెట్టారు, ఎవరు వడ్డించారు, దేనికి విడిగా డబ్బు తీసుకున్నారు అన్నవే ఓడ భోజనం మంచిచెడ్డలను తేలుస్తాయి.

ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి రెండు ఓడలను పక్కపక్కన పెడదాం. ఒకటి కునార్డ్ కంపెనీ క్వీన్ మేరీ 2. రెండోది రాయల్ కరీబియన్ కంపెనీ ఐకాన్ ఆఫ్ ది సీస్. ఒక రాత్రి తిన్న చేపముక్క బాగుందో లేదో చెప్పి ఓడకు మార్కులు వేయడం అన్యాయం, ఎందుకంటే మర్నాటి చేప వేరు. భోజనశాలల అమరిక, వేళలు, ధరల పద్ధతి మాత్రం రోజుకోలా మారవు. పోలిక వాటి మీదే.

రెండు కొలతలు, రెండు ఉద్దేశాలు

క్వీన్ మేరీ 2 ఫ్రాన్స్‌లోని సాన్-నజేర్ నౌకాశాలలో తయారైంది. రూపశిల్పి స్టీఫెన్ పేన్. 2004 జనవరి 12న సౌతాంప్టన్ నుంచి తొలి ప్రయాణం చేసింది. పొడవు 345 మీటర్లు. 2016లో జరిగిన మార్పుల తర్వాత దాని టన్నేజి 1,49,215. టన్నేజి అంటే ఇక్కడ బరువు కాదు, ఓడ లోపలి చోటు ఎంతో చెప్పే లెక్క. క్యాబిన్‌కు ఇద్దరి చొప్పున 2,691 మంది ప్రయాణికులు, సుమారు 1,250 మంది సిబ్బంది. సౌతాంప్టన్‌కూ న్యూయార్క్‌కూ మధ్య అట్లాంటిక్ దాటించడం దీని ముఖ్యమైన పని. మామూలుగా ఏడు రాత్రులు, మధ్యలో రేవే ఉండదు.

ఐకాన్ ఆఫ్ ది సీస్ ఫిన్లాండ్‌లోని టుర్కులో తయారై, 2024 జనవరి 27న మయామీ నుంచి ప్రయాణికులతో తొలిసారి బయలుదేరింది. సుమారు 365 మీటర్ల పొడవు, 20 డెక్కులు, 2,48,663 టన్నేజి. ఇద్దరి చొప్పున 5,610 మంది, మంచాలన్నీ నిండితే 7,600 మంది. సిబ్బంది 2,350. ఓడను ఎనిమిది పేటలుగా విడగొట్టారు. ఏడు ఈతకొలనులు, ఒక వాటర్ పార్కు, ఐస్ స్కేటింగ్ రింకు ఉన్నాయి. వారం రోజుల కరీబియన్ యాత్రలో కొన్ని రేవులు తగులుతాయి, బహామాస్‌లో కంపెనీ సొంతంగా నడిపే కోకోకే దీవి వాటిలో ఒకటి.

ఈ అంకెలను భోజనం వైపు తిప్పి చదివితే కొంత బోధపడుతుంది. మనిషికి దక్కే చోటు క్వీన్ మేరీలో సుమారు 55 టన్నేజి, ఐకాన్‌లో 44. మంచాలన్నీ నిండితే ఐకాన్‌లో అది 33కు పడిపోతుంది. సిబ్బందిలో ఒక్కొక్కరికి క్వీన్ మేరీలో ఇద్దరికి కాస్త ఎక్కువ మంది ప్రయాణికులు, ఐకాన్‌లో దాదాపు ఇద్దరున్నర, నిండు ఓడలో ముగ్గురికి పైనే. పైగా ఐకాన్ సిబ్బందిలో నీటి జారుడుల దగ్గర, మంచు రింకు దగ్గర, వేదికల మీద పనిచేసేవాళ్ళు చాలామంది. లెక్కలో కనిపించే తేడా కన్నా బల్ల దగ్గర కనిపించే తేడా పెద్దది కావడానికి అదొక కారణం.

అంతకంటే ముఖ్యమైనది ఉద్దేశంలోని తేడా. వారమంతా నీళ్ళే కనిపించే ఓడలో రోజును విడగొట్టేవి భోజనాలే. క్వీన్ మేరీ 2 తూర్పుకు వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే గడియారం ఒంటిగంటకు జరుపుతారు. ఉదయం ఫలహారం ఇంకా అరగకముందే మధ్యాహ్న భోజనం వేళవుతుంది, ఆ వెంటనే మూడున్నరకు టీ. పడమటికి వెళ్ళేటప్పుడు చాలా రోజులు 25 గంటలుంటాయి, రాత్రి భోజనం తర్వాత బోలెడంత తీరిక. కాలాన్ని తిండితోనే కొలుస్తారు కాబట్టి తిండికి ఆ మర్యాద దక్కుతుంది. ఐకాన్‌లో రాత్రి భోజనానికి పోటీ ఎక్కువ. మంచు మీద నృత్యం ఏడింటికి, నీళ్ళలో దూకే ప్రదర్శన తొమ్మిదింటికి ఉంటే భోజనం వాటి మధ్య ఇరుక్కోవాలి. అక్కడ భోజనం రోజుకు కేంద్రం కాదు, కార్యక్రమాల జాబితాలో ఒకటి.

బ్రిటానియా గది, ఇరవై గుమ్మాలు

క్వీన్ మేరీ 2 ప్రధాన భోజనశాల పేరు బ్రిటానియా. ఓడ వెడల్పంతా ఆక్రమించి, మూడు డెక్కుల ఎత్తు లేచి, మధ్యలో పెద్ద మెట్లు, గోడకు డచ్ కళాకారిణి బార్బరా బ్రూక్మన్ నేసిన భారీ వస్త్రచిత్రం. ఒక్క బంతికి సుమారు 1,300 మంది కూర్చోవచ్చు. ఆరింటికి ఒకసారి, ఎనిమిదిన్నరకు ఒకసారి భోజనం. ఎక్కిన రోజే మీ బల్ల నంబరు మీకు తెలుస్తుంది. వారమంతా అదే బల్ల, అదే కుర్చీ, వడ్డించేదీ ఆ ఇద్దరే. కావాలంటే ఆరుగురో ఎనిమిది మందో కూర్చునే ఉమ్మడి బల్ల అడగవచ్చు. 2016లో ఈ ఓడలో ఒంటరి ప్రయాణికుల కోసం 15 క్యాబిన్లు చేర్చారు. అలాంటివాళ్ళకు ఈ ఉమ్మడి బల్ల పెద్ద ఆసరా.

బ్రిటానియా అనేది కునార్డ్ కంపెనీ మొదటి ఓడ పేరు. 1840లో అట్లాంటిక్ మీద తపాలా మోయడానికి బయలుదేరిన ఆవిరి ఓడ అది. 1842 జనవరిలో అదే ఓడలో అమెరికా వెళ్ళిన చార్లెస్ డికెన్స్ తన యాత్రా గ్రంథంలో ఆ భోజనశాలను శవాన్ని మోసుకెళ్ళే బండితో పోల్చి వెక్కిరించాడు. అంత చేదు జ్ఞాపకం ఉన్న పేరును కంపెనీ ఇప్పుడు తన ఘనమైన గదికి పెట్టుకుంది. క్వీన్ మేరీ అమ్ముతున్న సరుకుల్లో చరిత్ర ఒకటి అని చెప్పడానికి ఈ పేరే చాలు. అమ్మేటప్పుడు చరిత్రలో కంపు కొట్టే భాగాన్ని తుడిచేస్తారు.

ఐకాన్‌లోనూ మూడంతస్తుల ప్రధాన భోజనశాల ఉంది. కానీ ఎక్కినవాడి కళ్ళు ముందు దాని మీద పడవు. 20కి పైగా తినే చోట్లున్నాయని కంపెనీ చెబుతుంది. విండ్‌జామర్ బఫే, ఆక్వాడోమ్‌లో ఐదు దుకాణాలున్న ఫుడ్ హాలు, పసిపిల్లలున్న కుటుంబాల కోసం సర్ఫ్‌సైడ్ ఈటరీ, సొరెంటోస్ పిజ్జా, ఎల్ లోకో ఫ్రెష్‌లో మెక్సికన్ తిండి, పెర్ల్ కెఫే. ఇవన్నీ టికెట్‌లో కలిసినవే. విడిగా డబ్బు కట్టేవాటిలో చాప్స్ గ్రిల్, జొవానీస్, ఇజుమీ, హుక్డ్ ఉన్నాయి. అన్నిటికంటే పైన 1930ల న్యూయార్క్‌ను తలపించేలా తీర్చిన ఎంపైర్ సప్పర్ క్లబ్. జాజ్ సంగీతం మధ్య ఎనిమిది విడతల భోజనం, కాక్‌టెయిళ్ళతో సహా. మొదట్లో దీని ధర మనిషికి 200 డాలర్లు.

కుర్చీ రాసిపెట్టే పద్ధతి ఒకప్పుడు అన్ని ఓడలదీ. దాన్ని బద్దలుకొట్టినవాటిలో 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ తెచ్చిన ఫ్రీస్టైల్ పద్ధతి ముఖ్యమైనది. కావలసిన వేళకు, కావలసిన చోట, ఇష్టమైనవాళ్ళతో తినమంది. మిగతా కంపెనీలు తలా కొంత అనుకరించాయి. ఐకాన్ ఆ దారిలో చాలా దూరం వెళ్ళిన ఓడ. అయితే పాత పద్ధతిని పూర్తిగా తీసెయ్యలేదు. బుక్ చేసుకునేటప్పుడే అడిగితే ప్రధాన భోజనశాలలో రాత్రిపూట నిర్ణీత వేళ, నిర్ణీత బల్ల ఇస్తుంది. ప్రకటనల్లో పెద్దగా కనిపించని ఈ సౌకర్యమే, తీర్పు దగ్గరికి వచ్చేసరికి ఈ ఓడను కాపాడుతుంది.

బంతి, బఫే

ఈ తేడా తెలుగువాళ్ళకు కొత్తది కాదు. మన పెళ్ళిళ్ళు రెండు తరాల్లో ఇదే మార్పు చూశాయి. బంతిలో కూర్చున్నవాడికి ఎంపిక లేదు. ముందు పప్పు, తర్వాత కూర, ఆపైన పులుసు, అంతా వరస ప్రకారం. ఆలస్యంగా వస్తే రెండో బంతికి ఆగాలి. కానీ ఆకులో ఏది అయిపోయిందో వడ్డించేవాడే చూసుకునేవాడు. పెళ్ళివారి పెద్ద ఒకాయన వరస వెంట నడుస్తూ, వద్దంటున్నా మరో గారె వేయించేవాడు. బఫేలో 40 రకాలుంటాయి, దోసె పెనం మీంచి నేరుగా పళ్ళెంలోకి వస్తుంది, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కానీ మీరు తిన్నారో లేదో చూసేవాళ్ళుండరు. పళ్ళెం ఒక చేత్తో, పిల్లవాడు ఒక చేత్తో, కుర్చీ కోసం వెతుకులాట.

బంతి భోజనం తలుచుకుని మురిసిపోయేవాళ్ళు పంక్తిభేదాన్ని మరిచిపోతారు. ఎవరు ఏ వరసలో కూర్చోవాలి, ఎవరిని లోపల కూర్చోబెట్టాలి, ఎవరు చివరి బంతికి ఆగాలి అన్నది ఆకు వేయకముందే తేలిపోయేది. బఫే రుచి తగ్గించి ఉండవచ్చు, ఆ గీతలను మాత్రం చాలావరకు చెరిపింది. ఓడల విషయంలోనూ ఈ రెండు వైపులూ చూడకుండా తీర్పు చెబితే అది పాతకాలపు బెంగ అవుతుంది గానీ విమర్శ అవదు.

గీతలు ఎక్కడ గీశారు

క్వీన్ మేరీ 2 తన గీతలను దాచదు. మీరు కొన్న క్యాబిన్‌ను బట్టి మీ భోజనశాల నిర్ణయమవుతుంది. మామూలు క్యాబిన్లకు బ్రిటానియా, కాస్త పై తరగతికి బ్రిటానియా క్లబ్, సూట్లకు ప్రిన్సెస్ గ్రిల్, అన్నిటికన్నా పెద్ద సూట్లకు క్వీన్స్ గ్రిల్. గ్రిల్ ప్రయాణికులకు ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య ఎప్పుడు వచ్చినా వాళ్ళ బల్ల ఖాళీగా ఉంటుంది. వాళ్ళ లాంజ్, వాళ్ళ డెక్ వేరు. బ్రిటానియా ప్రయాణికుడు డబ్బు కడతానన్నా గ్రిల్‌లోకి రానివ్వరు. తరగతుల ఓడల కాలం పోయిందని పుస్తకాలు చెబుతాయి గానీ, ఇక్కడ అది తలుపు మీద బోర్డుతో సహా బతికే ఉంది.

ఐకాన్ తనను తాను ప్రజాస్వామ్యపు ఓడగా చూపించుకుంటుంది. నీటి జారుడు అందరిదీ, పిజ్జా అందరిదీ. అయితే సూట్ వాళ్ళకు మాత్రమే తెరుచుకునే కోస్టల్ కిచెన్ అనే భోజనశాల ఇక్కడా ఉంది, సూట్ వాళ్ళ పేటా వేరే ఉంది. వాటికి తోడు క్వీన్ మేరీలో ఇంతగా కనిపించని మరో గీత, జేబు గీత. ఒకే కారిడార్‌లో పక్కపక్క క్యాబిన్లలో ఉన్న రెండు కుటుంబాల్లో ఒకరు వారమంతా విడి ధరల భోజనశాలల్లో తింటారు, ఇంకొకరు వాటి గుమ్మాల ముందు మెనూ చదివి పిజ్జా వైపు నడుస్తారు. తలుపు ఎవరికీ మూయలేదు కాబట్టి లోపలికి వెళ్ళలేకపోవడం తమ తప్పేమో అనిపిస్తుంది. ప్రధాన భోజనశాల మెనూలోనే కొన్ని మాంసం ముక్కల పక్కన అదనపు ధర వేసి ఉంటుంది. ఉచితంగా తింటున్నవాడికి ఖరీదైనదాన్ని ఎదురుగా చూపించి తినిపించడం అది.

విడి ధర భోజనశాల కొత్త దోపిడీ అనుకోవడం పొరపాటు. 1905లో అమెరికా అనే జర్మన్ ఓడ మీద రిట్జ్ పేరుతో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్ వచ్చింది. 1912లో టైటానిక్ మొదటి తరగతిలోనూ లుయీజీ గాటీ నడిపిన అలాంటి రెస్టారెంట్ ఉండేది. కొత్తది ఏమిటంటే, ఆ ఆదాయం మీద కంపెనీ ఆధారపడటం. రాయల్ కరీబియన్ గ్రూపు 2023లో సంపాదించిన సుమారు 1,390 కోట్ల డాలర్లలో 430 కోట్లకు పైగా టికెట్ల మీద వచ్చినవి కావు. ఓడ ఎక్కాక పెట్టే ఖర్చులు అందులో పెద్ద భాగం. మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ ఇలా రావాలన్నప్పుడు, టికెట్‌లో కలిసిన భోజనం మరీ బాగుండకూడదన్న ఒత్తిడి ఎవరూ కాగితం మీద పెట్టకపోయినా ఏర్పడుతుంది. మద్యం, విడి భోజనాల బిల్లుల మీద ఆపాటికే 18 శాతం సర్వీస్ కలిపి ఉంటుంది. అది కాక 2023 నవంబరు నుంచి మామూలు క్యాబిన్‌లో మనిషికి రోజుకు 18 డాలర్ల టిప్పు బిల్లుకెక్కింది.

క్వీన్ మేరీ ఈ లెక్కకు అతీతం అనుకోనక్కర్లేదు. కునార్డ్ 1998 నుంచీ కార్నివాల్ సామ్రాజ్యంలో భాగమే. ఈ ఓడ మీదా వెరాండా అనే విడి ధర రెస్టారెంట్ ఉంది, వైను ధరలకు కళ్ళు తిరుగుతాయి, రోజువారీ సర్వీస్ ఛార్జీ ఉంది. కానీ బ్రిటానియాను తక్కువ చేస్తే ఆ ఓడకు మిగిలేది లేదు. రాత్రిపూట అక్కడికి తప్ప మరెక్కడికీ వెళ్ళని ప్రయాణికులే దాని బలం. అందుకే కంపెనీ లాభం, తినేవాడి లాభం అక్కడ చాలావరకు ఒకే వైపు ఉన్నాయి.

వంటలో గెలుపెవరిది

వంట ఒక్కటే చూస్తే ఐకాన్ వైపు వాదన బలంగా ఉంది. 1,300 మందికి అరగంట తేడాలో ఒకే విడత పంపాలంటే వంటగది ముందే వండి వేడిగా నిలిపి ఉంచాలి. సూపులు, నెమ్మదిగా ఉడికిన మాంసం, పులుసు కూరలు దీనికి తట్టుకుంటాయి. వేయించిన చేప, కరకరలాడాల్సినవి తట్టుకోవు. బ్రిటానియా లాంటి గదిలో ఏం అడగాలో తెలిసినవాడు ఇది గమనించి అడుగుతాడు. ఐకాన్‌లో జనం నాలుగైదు గంటల మీద, ఇరవై చోట్ల మీద చీలిపోతారు. ఒక్కో చోట వండే మోతాదు చిన్నది. పెనం మీంచి పళ్ళెంలోకి రావడానికి పట్టే సమయం తక్కువ. ఉదయం, మధ్యాహ్నం తిండికి ఇది పెద్ద మేలు. క్వీన్ మేరీలోని కింగ్స్ కోర్ట్ బఫేలో మధ్యాహ్నం రద్దీ వేళ ఖాళీ బల్ల వెతుక్కునేవాడికి బ్రిటానియా వైభవం ఏ మాత్రం ఉపయోగపడదు.

క్వీన్స్ రూమ్‌లో టీ మాత్రం ఆ ఓడకే సాధ్యం. నాట్యశాలలో వాయిద్యాలు మోగుతుండగా తెల్ల చేతితొడుగుల సర్వర్లు వరసకట్టి వచ్చి శాండ్‌విచ్‌లు, స్కోన్లు వడ్డిస్తారు. వంటగా చూస్తే అందులో గొప్పేమీ లేదు. వరస, వేళ, వడ్డన కలిసి దాన్ని జ్ఞాపకంగా మారుస్తాయి. అదీ టికెట్‌లో కలిసినదే.

రాత్రి భోజనానికి వస్తే పాళ్ళు మారతాయి. మూడో రాత్రికి మీరు రొట్టె వద్దంటారని, మంచినీళ్ళలో ఐస్ వేయకూడదని, మీ ఆవిడ తీపి తినదని బ్రిటానియా సర్వరుకు తెలుసు. ఐకాన్‌లో రోజుకో చోట తిన్నవాడు రోజూ మొదటి రాత్రి అతిథే. ప్రతి పూటా తన ఇష్టాయిష్టాలు మొదటినుంచి చెప్పుకోవాలి. వడ్డించేవాళ్ళ తప్పు ఇందులో లేదు. ఫిలిప్పీన్స్ నుంచి, ఇండోనేషియా నుంచి, మన దేశం నుంచి నెలల తరబడి కాంట్రాక్టుల మీద వచ్చి, రెండు ఓడల్లోనూ వాళ్ళు చేసేది ఒకే రకం కష్టం. ఒక ఓడ వాళ్ళకు గుర్తుపెట్టుకునే అవకాశం ఇచ్చింది, ఇంకో ఓడ ఇవ్వలేదు.

మన నాలుకకు

తెలుగు కుటుంబాలు ఈ ఓడలెక్కడం ఇప్పుడు వింత కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలను మయామీ తీసుకెళ్ళి కరీబియన్ యాత్ర చేయిస్తున్నారు. అక్కడ మొదటి ప్రశ్న శాకాహారం. ఈ విషయంలో ఐకాన్ కంపెనీది పైచేయి. రాయల్ కరీబియన్ ఓడల్లో ముందురోజు రాత్రి హెడ్ వెయిటర్‌కు చెబితే, మెనూలో లేని భారతీయ శాకాహార భోజనం చేయించే ఆనవాయితీ ఉంది. వంటగదిలో మనవాళ్ళు ఉండటం అందుకు తోడ్పడుతుంది. అడగందే అమ్మైనా పెట్టదు కాబట్టి మొదటి రోజే అడగాలి. వచ్చేది మాత్రం ఉత్తరాది పప్పు, పనీరు, పులావు. చారు, పచ్చడి ఆశించకూడదు. సీలు తీయని పొట్లాల్లో కొన్న పొడులు తీసుకెళ్ళవచ్చు, ఇంట్లో వండినవి ఎక్కనివ్వరు.

క్వీన్ మేరీది బ్రిటిష్ వంటశాల. బ్రిటన్‌లో కూర ఎప్పుడో సొంత తిండి అయిపోయింది కాబట్టి బఫేలో కూర కనిపిస్తుంది, శాకాహారానికి విడి మెనూ ఉంది. కానీ ఇక్కడి ఇబ్బంది వేరు. సాయంత్రం ఆరు దాటాక ముఖ్యమైన గదుల్లోకి దుస్తుల నియమం వర్తిస్తుంది, గాలా రాత్రుల్లో నల్ల సూటు, బో టై అడుగుతారు. జాతీయ దుస్తులు కూడా ఒప్పుకుంటారు కాబట్టి పట్టుచీరకు అడ్డులేదు. మగవాళ్ళకు బంద్‌గలా సరిపోతుంది. ముస్తాబు ఇష్టంలేనివాళ్ళకు గోల్డెన్ లయన్ పబ్బు, కింగ్స్ కోర్ట్ ఉన్నాయి. ఎనిమిదిన్నర బంతిలో కూర్చుంటే భోజనం ముగిసేసరికి పదిన్నర. ఏడింటికే తిని పడుకునే అలవాటున్న పెద్దవాళ్ళు, నిద్రకు తూలే పిల్లలు దీనికి సర్దుకోవడం కష్టం.

పరిశుభ్రతలో ఏ పద్ధతికీ కవచం లేదు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 1970ల నుంచి చెప్పకుండా వచ్చి తనిఖీ చేసి వంద మార్కులకు లెక్క వేస్తుంది, 85 లేదా అంతకంటే తక్కువ వస్తే తప్పినట్టు. బఫేలో అందరూ పట్టుకునే గరిటెలు ప్రమాదమని రాయల్ కరీబియన్ గుమ్మం దగ్గరే కుళాయిలు పెట్టి, చేతులు కడుక్కోమని పాట పాడిస్తుంది. అలాగని తెల్ల తొడుగులు రక్షణ ఇవ్వవు. 2025 వసంతంలో క్వీన్ మేరీ 2 యాత్రలో 200 మందికి పైగా ప్రయాణికులు నోరోవైరస్ బారినపడ్డారు.

ఇద్దరు రచయితల సాక్ష్యం

ఈ పోలికకు సాహిత్యంలోనూ ఒక జంట దొరుకుతుంది. 1995లో డేవిడ్ ఫోస్టర్ వాలెస్ సెలబ్రిటీ కంపెనీ ఓడ జెనిత్‌లో వారం తిరిగి, తర్వాత హార్పర్స్ పత్రికకు ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. అది 1996 జనవరిలో వచ్చింది. 2024లో గేరీ ష్టైన్‌గార్ట్ ఐకాన్ తొలి యాత్ర చేసి ది అట్లాంటిక్ పత్రికకు రాశాడు. ఇద్దరూ వెటకారంలో ఆరితేరినవాళ్ళే, ఇద్దరూ ఓడ మీద దుఃఖాన్నే చూశారు. కానీ వాలెస్ దుఃఖం అతి సేవ వల్ల వచ్చింది. ఎంత పెట్టినా ఇంకా కావాలనే పసివాడు తనలో మేల్కొన్నాడని భయపడ్డాడు. అతనికి రాసిపెట్టిన బల్ల ఉంది, ఆ బల్ల దగ్గర రోజూ కలిసే మనుషులున్నారు, ఓ హంగేరియన్ వెయిటరంటే అతనికి ప్రేమే పుట్టింది. వ్యాసంలో వెటకారం మెత్తబడి మనుషులు కనిపించేది ఆ బల్ల దగ్గరే. ష్టైన్‌గార్ట్ సూట్‌లో ఉన్నాడు, సౌకర్యాలకు కొదవలేదు. అతన్ని బాధపెట్టింది మాట కలిపే మనిషి దొరకకపోవడం. ఎవరి కార్డు ఏ హోదాదో చూసుకునే జనం మధ్య స్నేహం కోసం వెతికి ఓడిపోయాడు.

రెండు వ్యాసాలతో సిద్ధాంతం నిలబడదు. ష్టైన్‌గార్ట్ ఏ ఓడలోనైనా ఒంటరిగానే మిగిలేవాడేమో. అయినా, రాసిపెట్టిన కుర్చీ పరిచయం లేని మనుషులను ఒకరికొకరు ఇచ్చిందనీ, ఎంచుకునే స్వేచ్ఛ ఎవరితో వచ్చినవాళ్ళను వాళ్ళతోనే వదిలేసిందనీ ఈ జంట చెబుతోంది. నలుగురైదుగురు కలిసి వచ్చిన కుటుంబానికి అది లోటే కాదు. ఒక్కరే వచ్చినవాళ్ళకు, అలవాటైన కబుర్లు అయిపోయిన దంపతులకు పెద్ద లోటు.

తీర్పు

ఇద్దరే వెళ్తున్నా, ఒక్కరే వెళ్తున్నా, రాత్రి భోజనమే ముఖ్యం అనుకున్నా క్వీన్ మేరీ 2 మేలైన ఓడ. దాని తరగతి గీతలు నచ్చకపోవచ్చు, కానీ బ్రిటానియాలో కూర్చున్న 1,300 మందిలో ఎవరి పళ్ళెమూ పక్కవాడి పళ్ళెం కన్నా తక్కువ కాదు. పిల్లలు, తాతామామ్మలు, శాకాహారులు కలిసిన గుంపు అయితే ఐకాన్ మేలు. ఎనిమిది మందికి ఎనిమిది రకాల ఆకలి వేళలుంటే, ఒకే గంట కొట్టి అందరినీ కూర్చోబెట్టడం వడ్డన కాదు, శిక్ష.

ఈ చర్చ మన తీరానికీ దగ్గరైంది. 2022 జూన్‌లో విశాఖకు వచ్చిన కార్డీలియా ఎంప్రెస్ ఒకప్పుడు రాయల్ కరీబియన్ ఓడే. 1990లో నోర్డిక్ ఎంప్రెస్ పేరుతో యాత్రలు మొదలుపెట్టింది. దాన్ని తయారుచేసింది, తర్వాత క్వీన్ మేరీ 2ను తయారుచేసిన సాన్-నజేర్ నౌకాశాలే. 2023లో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. ఇక్కడ ఓడలు నడిపేవాళ్ళు ఐకాన్ నుంచి నీటి జారుడు నేర్చుకోవడం తేలిక, క్వీన్ మేరీ నుంచి షాండిలియర్ నేర్చుకోవడమూ తేలికే. నేర్చుకోవాల్సింది అవి కావు. అడిగినవాళ్ళందరికీ అదనపు ధర లేకుండా నిర్ణీత బల్ల, ఆ బల్లకు వారమంతా మారని సర్వరు, ఆ సర్వరుకు గుర్తుపెట్టుకునేంత తీరిక ఉండాలి. దీనికి కొత్త వంటశాల అక్కర్లేదు, ఒక్కో సర్వరుకు అప్పగించే బల్లలు తగ్గిస్తే చాలు.

ఐకాన్ ఎక్కబోయే తెలుగు కుటుంబం చేయదగిన పని కూడా అదే. విడి ధర భోజనశాలల ప్యాకేజీ కొనేముందు, ప్రధాన భోజనశాలలో తొలి వేళకు నిర్ణీత బల్ల అడిగి పెట్టుకోవాలి. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ను పిలిచి శాకాహారం సంగతి, కారం సంగతి, అమ్మగారికి ఏం పడదో చెప్పాలి. పగలంతా ఇరవై గుమ్మాలూ ఎక్కి దిగి, రాత్రికి ఒకే బల్ల దగ్గరికి వస్తే ఒకే టికెట్ మీద రెండు ఓడల మంచీ దక్కుతుంది.